రెండు ముక్కల ధర

వైకుంఠ ఏకాదశి రాత్రి జాగరానికి వైకుంఠపాళీ పటం పరుచుకోవడం మదురై, కోయంబత్తూరు తెలుగిళ్లలో పాత అలవాటు. తమిళులు ఆ పటాన్నే పరమపదం అంటారు. పాచిక ఎంత పడితే కాయ అంత నడుస్తుంది. నిచ్చెన ఎక్కినా, పాము నోట్లో పడి కిందికి జారినా అందులో ఆడేవాడి ప్రమేయం ఏమీ లేదు. దక్షిణాది గుళ్ల మండపాల్లో రాతి పలకల మీద గీతలు చెక్కి కనిపించే ఆట ఇంకొకటుంది. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలు దారులన్నీ మూసేసి పులుల్ని కట్టేయాలి, పులులు మేకల మీద నుంచి దూకి వాటిని తినాలి. పాచిక లేదు, దాచిన ముక్క లేదు, అంతా కళ్లెదుటే ఉంటుంది. ఓడితే తన ఎత్తు తప్పినందుకే ఓడినట్టు. చిత్రమేమిటంటే ఈ ఆటకే మనవాళ్లు పులిజూదం అని పేరు పెట్టారు. పూర్తిగా అదృష్టం మీద నడిచే ఆటను పుణ్యదినాన పిల్లలచేత ఆడించి, పూర్తిగా బుద్ధి మీద నడిచే ఆటను జూదం అన్నారు. కాబట్టి పేరును బట్టి ఆటను తూచలేం. ఆడేవాడు ఏ ఘడియలో ఏం నిర్ణయిస్తున్నాడో, ఆ నిర్ణయం వల్ల ఎంత మారుతోందో చూడాలి.

పేకాట ఈ రెంటికీ నడుమ ఉంటుంది. ముక్కలు పంచడం పాచిక పడటం లాంటిది, ఆ తర్వాతదంతా పులి ఎత్తు లాంటిది. మన పేక పేర్లలోనే ఎంతో ప్రయాణం దాగుంది. కళావరు అనే మాట డచ్చివాళ్ల ‘క్లావర్’. మచిలీపట్నం, పులికాట్ రేవుల్లో డచ్చి వర్తకులు దిగిన కాలపు ఆనవాలు అది. తమిళంలోనూ దాదాపు అదే పలుకు. 1529లో విశ్వనాథ నాయకుడు మదురైలో నిలిచాక దక్షిణానికి తరలిన కుటుంబాలు గానీ, కోయంబత్తూరు నల్లరేగడిలో పత్తి వేసి తర్వాత మిల్లులు కట్టిన నాయుళ్లు గానీ, పేక కలిపేటప్పుడు పక్కింటి తమిళుడితో మాట తర్జుమా చేసుకోనక్కర లేకపోయింది. ఇస్పేటు ఇద్దరికీ ఇస్పేటే. ఇంటి భాష వేరైనా, వీధి భాష వేరైనా పేక ముక్కకు ఒకటే భాష.

ఈ ప్రాంతంలోనే గత కొన్నేళ్లుగా, పేకాటలో గెలిపించేది నేర్పా, అదృష్టమా అన్న ప్రశ్న కోర్టు మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంది. 2020 జూలైలో మద్రాసు హైకోర్టు మదురై బెంచి ఒక పేకాట కేసు విచారిస్తూ, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీలాంటి ఆటలకు నియంత్రణ అవసరమని చెప్పింది. ఆ ఏడాది నవంబరులోనే తమిళనాడు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. తర్వాత చట్టంగా మారిన ఆ నిషేధాన్ని 2021 ఆగస్టు 3న హైకోర్టు కొట్టేసింది. 2022లో ప్రభుత్వం మరో చట్టం చేసి, దాని జాబితాలో రమ్మీనీ పోకర్‌నూ పేరు పెట్టి చేర్చింది. 2023 నవంబరు 9న హైకోర్టు ఆ చట్టాన్ని చాలావరకు ఉంచి, ఈ రెండు ఆటలు నేర్పుతో ఆడేవని చెప్పి వాటిని జాబితా నుంచి తీసేసింది. 2017లో గుజరాత్ హైకోర్టు మాత్రం పోకర్‌ను అదృష్టపు ఆటగానే లెక్కగట్టింది. ఒకే ఆట గురించి రెండు హైకోర్టులు రెండు మాటలు చెప్పాయంటే తగువు ఎక్కడుందో దగ్గరికి వెళ్లి చూడాల్సిందే. అది మొదటి రెండు ముక్కల దగ్గరే ఉందని నా వాదన. పోకర్‌లో నేర్పు ఉందా లేదా అన్నది చూడటానికి అంత శుభ్రమైన చోటు ఇంకోటి లేదు. అక్కడ ఇంకా ఏ ముక్కా తెరవలేదు, ఎవరి ముఖమూ చదవాల్సిన పని లేదు, ఉన్నదల్లా లెక్క.

ఆట తెలియనివారి కోసం కాస్త చెప్పాలి. ఇప్పుడు ప్రపంచమంతా ఆడే పోకర్ రకం పేరు టెక్సాస్ హోల్డెమ్. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు బోర్లించి పంచుతారు. అవి చూసుకుని ఆటగాళ్లు డబ్బు పెడతారు, పెంచుతారు, లేదా ముక్కలు పారేస్తారు. తర్వాత బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా మూడు ముక్కలు తెరుస్తారు, దాన్నే ఫ్లాప్ అంటారు. మళ్లీ పందెం. నాలుగో ముక్క, పందెం. ఐదో ముక్క, ఆఖరి పందెం. తన రెండూ ఉమ్మడి ఐదూ కలిపిన ఏడింటిలోంచి మంచి ఐదు ఎవరికి కుదిరితే మధ్యలో పోగైన డబ్బు, అంటే పాట్, వాళ్లది. ప్రతి పంపకానికీ ఇద్దరు ముక్కలు చూడకముందే కొంత డబ్బు పెట్టి తీరాలి. వాటిని చిన్న బ్లైండు, పెద్ద బ్లైండు అంటారు, పంపకం మారేకొద్దీ వంతు తిరుగుతూ ఉంటుంది. క్యాష్ గేమ్ అంటే బిళ్లకు రాసినంత రూపాయి విలువ ఉండే ఆట. ఎప్పుడైనా కూర్చోవచ్చు, ఎప్పుడైనా లేవొచ్చు. టోర్నమెంటులో బ్లైండ్లు గంటగంటకూ పెరిగి తరుముతాయి. ఇక్కడ ఆ తరుముడు లేదు, ఓపికకు చోటుంది.

52 ముక్కల్లోంచి రెండు ముక్కలు 1,326 రకాలుగా రావచ్చు. ఏ గుర్తు అన్నది పక్కనపెట్టి, రెండూ ఒకే గుర్తా కాదా అని మాత్రం చూస్తే అవి 169 రకాలకు కుదించుకుంటాయి. ఆసుల జోడీ 1,326లో ఆరుసార్లు, అంటే 221 పంపకాలకు ఒకసారి వస్తుంది. ఏదో ఒక జోడీ రావడం 17కి ఒకసారి. ఇలా లెక్కించే చూపు మనకు కొత్తదేమీ కాదు. భారతంలో నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకుని ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరతాడు. దారిలో ఋతుపర్ణుడు ఒక తాని చెట్టును చూపించి, దాని ఆకులూ కాయలూ ఎన్నో ఉన్నచోటి నుంచే చెబుతాడు. నలుడు రథం ఆపి లెక్కపెట్టి చూస్తే సరిగ్గా సరిపోతుంది. ఆనాటి పాచికలు ఆ తానికాయలే. అప్పుడు నలుడు తన అశ్వహృదయం ఇచ్చి అక్షహృదయం నేర్చుకుంటాడు, ఆ విద్యతోనే పోయిన రాజ్యం తిరిగి గెలుస్తాడు. చెట్టు మొత్తం ఎక్కకుండా కొమ్మను చూసి మొత్తాన్ని అంచనా కట్టడమే అక్కడి విద్య. రెండు ముక్కలు చూసి ఏడు ముక్కల సంగతి అంచనా కట్టడం అలాంటిదే.

ఇప్పుడు ఆ అంచనాను డబ్బులోకి మార్చి చూద్దాం. ఆసుల జోడీ పట్టుకుని, ఏ ముక్కలు ఉన్నాయో తెలియని ఒక్క ఆటగాడితో చివరిదాకా వెళ్తే నూటికి 85 సార్లు గెలుస్తాం. ఇద్దరుంటే 73, ముగ్గురుంటే 64, నలుగురుంటే 56, ఐదుగురుంటే 49. ఎదుట ఎనిమిది మంది కూర్చుంటే 35కి దిగిపోతుంది. ముక్కలు మారలేదు, మనుషులు పెరిగారు, అంతే. ఆరుగురు కూర్చున్న బల్ల మీద బ్లైండ్లు 10, 20 రూపాయలు అనుకోండి. ఆసులు ఉన్నవాడు గుట్టుగా 20 మాత్రం పెట్టాడు, మిగతా ఐదుగురూ తలా 20 పెట్టి వచ్చారు. పాట్ 120. అందులో 49 శాతం అంటే 59 రూపాయలు, పెట్టిన 20 తీసేస్తే సగటు లాభం 39. అదే మనిషి 80కి పెంచాడు, ఒక్కడు మాత్రం 80 పెట్టి వచ్చాడు, బ్లైండ్లు పెట్టిన ఇద్దరూ పారేశారు. పాట్ 190. 80 పెట్టి వచ్చేవాడి దగ్గర మామూలుగా కాస్త మంచి ముక్కలే ఉంటాయి గనక 85 బదులు 80 శాతమే వేసుకుందాం. 152 వస్తుంది, పెట్టిన 80 తీసేస్తే లాభం 72. దాదాపు రెట్టింపు.

ఇక్కడ చాలామంది ఒక తప్పు కారణం చెబుతారు. మంచి ముక్కలు పడ్డప్పుడు పెంచేది మిగతావాళ్లను తరిమేయడానికి అంటారు. లెక్క అలా చెప్పదు. ఐదుగురూ 80 పెట్టి వచ్చారనుకోండి, పాట్ 480. గెలిచే అవకాశం 49 శాతమే అయినా ఆ వాటా 235, పెట్టుబడి పోగా 155 లాభం. అంటే ఎక్కువసార్లు ఓడుతూ ఎక్కువ డబ్బు సంపాదిస్తున్నాడు. కనుక పెంచడం వెనకున్న అసలు సంగతి తరమడం కాదు, ధర కట్టించడం. ముందంజలో ఉన్నప్పుడు ఎదుటివాడు తర్వాతి ముక్కలు చూడాలంటే ఎంత చెల్లించాలో నిర్ణయించే హక్కు నీ చేతిలో ఉంది. 20 పెట్టి ఊరుకుంటే ఆ హక్కును చవగ్గా అమ్మేసినట్టు. సంతలో మంచి సరుకు పట్టుకెళ్లి, పాడైన సరుకు ధరకే ఇచ్చి వచ్చేవాడిని ఎవరూ తెలివైనవాడనరు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని పక్కన పెట్టి ముందుకు పోలేం. పెంచితే అందరూ పారేస్తే? అప్పుడు దక్కేది బ్లైండ్ల 30 రూపాయలే. ఎనిమిది గంటలు కాచుకుంటే పడిన ఆసులతో 30 రూపాయలా అని మనసు ఉసూరుమంటుంది. పై లెక్కలో ఊరుకుంటేనే 39 వచ్చింది కదా అని కూడా అడగొచ్చు. ఆ అడగడం న్యాయమే. అయితే ఆ 39 కాగితం మీది అంకె, ఇంక పందెమే లేకుండా ఐదు ముక్కలూ తెరుచుకుంటే వచ్చేది. నిజంగా మరో మూడు విడతల పందెం ఉంటుంది. క్యాష్ గేమ్‌లో మామూలుగా వంద పెద్ద బ్లైండ్లతో, అంటే ఇక్కడ 2,000 రూపాయలతో కూర్చుంటారు. ప్రతి విడతలోనూ పాట్‌లో ఎంతుంటే అంత పందెం వేశారనుకోండి. ముందే పెంచి 190తో మొదలైతే మొదటి విడతలో 190, రెండో విడతలో 570, మూడో విడతకు మిగిలిన 1,160 మొత్తం లోపలికి వెళ్తుంది. 2,000కూ పని పడింది. ఊరుకుని, పెద్ద బ్లైండువాడు ఒక్కడే ఎదుట మిగిలి 50తో మొదలైతే 50, 150, 450. అన్నీ కలిపి 650 దాటదు. మొదటి నిప్పు ఎంత రాజిస్తే వంట అంత ఉడుకుతుంది. చివర్లో ఎంత ఊదినా మొదట్లో వేయని కట్టె మండదు.

ఈ సంగతి మనుషుల అనుభవం మీద మాత్రమే ఆధారపడి లేదు. 2019లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ పరిశోధకులు కలిసి ప్లూరిబస్ అనే ప్రోగ్రామును తయారుచేశారు. ఆరుగురి పోకర్‌లో ఆరితేరిన వృత్తి ఆటగాళ్లను అది ఓడించింది. మనుషులు ఆడిన ఆటలేవీ దానికి చూపించలేదు, తనతో తానే ఆడుకుంటూ నేర్చుకుంది. అలా నేర్చుకున్న యంత్రం కూడా, పెంచకుండా పెద్ద బ్లైండుతో సమానంగా డబ్బు పెట్టి ఊరుకోవడం చిన్న బ్లైండులో కూర్చున్నవాడికి తప్ప ఇంకెవరికీ లాభం కాదనే నిర్ణయానికి వచ్చిందని పరిశోధకులు రాశారు. పాతకాలపు ఆటగాళ్లు అనుభవంతో చెప్పిందీ అదే. ఎవరి మాటా వినని లెక్క, పెద్దల మాట దగ్గరికే వచ్చి ఆగింది.

కోయంబత్తూరు పాఠకులకు ఇది పత్తి కొనుగోలులా కనిపిస్తే ఆశ్చర్యం లేదు. 1910లో కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ పెట్టిన నాటి నుంచీ ఆ ఊరి నూలు మిల్లుల బతుకంతా బేలు విప్పి చూసే ఆ క్షణం మీదే ఆధారపడింది. చూసేవాడు బేలు పక్క నుంచి గుప్పెడు దూది లాగుతాడు. రెండు చేతుల బొటనవేళ్లకూ చూపుడువేళ్లకూ మధ్య పట్టి చీలుస్తాడు, చీలిన కొసలు మళ్లీ ఒకదాని మీద ఒకటి పేర్చి మళ్లీ చీలుస్తాడు. నాలుగైదుసార్లకు చిక్కు దూది కాస్తా ఒకే వరసలో పడుకున్న పోగుల కుచ్చుగా మారుతుంది. దాన్ని నల్లటి గుడ్డ మీద పరిచి పొడవు చూస్తాడు, కొసలు లాగి తెగే చప్పుడు వింటాడు. 1974లో కోయంబత్తూరులోనే పుట్టిన సువిన్ రకం పోగు 37 మిల్లీమీటర్లు దాటుతుంది, సన్నటి నూలుకు అదే ప్రాణం. నూలు తయారీ ఖర్చులో సగానికి పైగా పత్తి ధరే కనుక, మరలు ఎంత బాగా తిరిగినా కొనేచోట చేసిన తప్పును స్పిండిలు దిద్దలేదు. మంచి బేలు కనపడ్డప్పుడు ధర పలకడానికి వెనకాడేవాడూ, ప్రతి బేలూ కొనేవాడూ, ఇద్దరూ మిల్లు మూసుకుంటారు.

ప్రతి బేలూ కొనే అలవాటు పేకాటలో ఆసు దగ్గర బయటపడుతుంది. చేతిలో ఒక్క ఆసు కనపడితే చాలు, కొత్తవాడు పారేయలేడు. ఆసు-జాకీ, ఆసు-తొమ్మిది, ఆసు-ఆరు పైన పటారం, లోన లొటారం. ఎదుటివాడి దగ్గర ఆసు-రాజు ఉంటే ఆసు-జాకీ నాలుగింట ఒక్కసారి మాత్రమే నెగ్గుతుంది. ఘోరం ఏమిటంటే బల్ల మీద ఆసు తెరుచుకున్నప్పుడే ఈ చేతికి ఎక్కువ నష్టం. తనకు జోడీ కుదిరిందన్న ధైర్యంతో డబ్బు పెడుతూ పోతాడు, ఎదుటివాడికీ అదే జోడీ ఇంకా మంచి తోడుతో కుదిరి ఉంటుంది. ఆసు-రాజు సంగతి వేరు. అది ఇంకా కుదరని చెయ్యి, ఫ్లాప్‌లో మూడింట ఒకసారి మాత్రమే జోడీ అయినా పడుతుంది. రాణుల జోడీకి ఎదురైతే నూటికి 43 నుంచి 46 సార్లే నెగ్గుతుంది. అయినా దాన్ని బలమైన చేతుల్లో లెక్కవేయడానికి కారణం, తనకంటే తక్కువ ఆసులనూ తక్కువ రాజులనూ తొక్కిపెట్టే శక్తి. బలం అంటే ముక్క మీది బొమ్మ కాదు, డబ్బు పెట్టి వచ్చేవాడి దగ్గర ఉండగల ముక్కలతో పోల్చినప్పుడు మిగిలేది.

అయితే మంచి ముక్కలు పడేదాకా కూర్చుంటే సరిపోదా అని అడగొచ్చు. పుస్తకాలు చదివిన ప్రతివాడూ మొదట చేసేది అదే, అందులోనూ నష్టమే ఉంది. ఆసులు, రాజులు, రాణుల జోడీలు, ఆసు-రాజు, ఈ నాలుగు రకాలూ కలిపి 1,326లో 34. అంటే 39 పంపకాలకు ఒకటి. ఆరుగురి బల్ల మీద 39 పంపకాలంటే ఆరున్నర చుట్లు. చుట్టుకు 10, 20 చొప్పున బ్లైండ్లు 30, మొత్తం 195 రూపాయలు కట్టి కూర్చోవాలి. ఇంతలో బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఇతగాడు లేచి డబ్బు పెడితే దగ్గర మంచి ముక్కలున్నట్టేనని కనిపెట్టేస్తారు, పెంచగానే అందరూ పారేస్తారు. 195 పోసి 30 తెచ్చుకున్నట్టు. ఈ అభ్యంతరం నిజమే కాబట్టి వాదనను దానికి తగ్గట్టు సరిచూసుకోవాలి. బలమైన ముక్కలతో పెంచడం ఫలించాలంటే అంత బలం లేనివాటితోనూ కొన్నిసార్లు, అచ్చం అంతే మొత్తానికి పెంచాలి. నడిమి జోడీలు, తమ గుర్తు ముక్కే తోడున్న ఆసులు, పక్కపక్క బొమ్మలు ఆ లోటు పూడుస్తాయి. ఎదుటివాడికి రెండూ ఒకేలా కనిపించాలి.

ఎన్ని చేతులకు అలా చోటివ్వాలన్నది కూర్చున్న స్థానం చెబుతుంది. తొమ్మిది మంది బల్ల మీద అందరికంటే ముందు మాట చెప్పాల్సినవాడి వెనక ఎనిమిది మంది తెలియని చేతులతో ఉన్నారు. అతను పది చేతుల్లో ఒకటో ఒకటిన్నరో ఆడితే చాలు. చివర మాట చెప్పేవాడికి ముందువాళ్లంతా పారేసి ఉంటే ఎదుట మిగిలేది బ్లైండ్లవాళ్లిద్దరే. పైగా ఫ్లాప్ తర్వాత ప్రతిసారీ ఎదుటివాళ్లు ఏం చేశారో చూసి మాట్లాడవచ్చు. అతను పదింట నాలుగు చేతులైనా ఆడవచ్చు. ఒకే ఆసు-తొమ్మిది మొదటి కుర్చీలో చెత్త, చివరి కుర్చీలో సరుకు. పులిజూదంలోనూ అంతే, మేక బలం అది నిలబడ్డ గీటును బట్టి ఉంటుంది.

ఇంత చెప్పినా అదృష్టం మాటేమిటి? ఆసుల జోడీ రాజుల జోడీని ఎదుర్కొంటే నూటికి 18 సార్లు ఓడుతుంది. బల్ల మీద ఒక గంటకు పాతిక, ముప్పై పంపకాలు జరుగుతాయి. ఆ లెక్కన ఆసులు ఏడు నుంచి తొమ్మిది గంటలకు ఒకసారి పడతాయి. అంతసేపు కాచుకుని పడిన చెయ్యి ఓడితే, ఆ రాత్రి ఇంటికి వెళ్లేవాడి జేబు అతను సరిగ్గా ఆడాడో లేదో ఏమీ చెప్పదు. గుజరాత్ తీర్పు లాంటి వైఖరికి బలం ఇక్కడే ఉంది. ఒక్క చెయ్యిని విడిగా చూస్తే అందులో అదృష్టమే పెద్దది, ఆ మాట కాదనలేం. కానీ వానలు తప్పిన ఒక ఏడు పంట పోయిందని సేద్యంలో నేర్పు లేదనం. వేల పంపకాల మీద పంచే ముక్కలు అందరికీ సమానమవుతాయి, సమానం కానిది ఏ చెయ్యికి ఎంత పెట్టాడు, ఏది ఎప్పుడు పారేశాడు అన్నదే.

ఈ పారేయడం అనే మాటకు మన న్యాయచరిత్రలో చోటుంది. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ‘ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ’, 1968 తీర్పుగా పేరుపడింది. మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తి అదృష్టపు ఆట కాదనీ, పడిన ముక్కలు గుర్తుంచుకోవడంలో, దేన్ని పట్టుకోవాలో దేన్ని పారేయాలో తెలుసుకోవడంలో నేర్పు ఉందనీ కోర్టు చెప్పింది. ఆ తర్వాత ఈ దేశంలో వచ్చిన పేకాట వ్యాజ్యాల్లో చాలావాటికి ఈ తెలుగు కేసే ఆధారం. రమ్మీ ఆడేవాళ్లకు ఆ మాట లోతు తెలుసు. పదమూడు ముక్కలు చూసుకుని, జోకరు లేని అసలు వరస కుదిరే దారి కనపడకపోతే మొదట్లోనే డ్రాప్ చేసి 20 పాయింట్లతో బయటపడతారు. మధ్యలో వదిలితే 40, చివరిదాకా పట్టుకుని మునిగితే 80. ఫ్లాప్‌కు ముందు ముక్కలు పారేయడం ఈ మొదటి డ్రాప్ లాంటిదే. తేడా ఒకటే, బ్లైండు కట్టే వంతు కాకపోతే పోకర్‌లో దానికి దమ్మిడీ ఖర్చు లేదు. ఖర్చులేని ఆ ఒక్క పనిని చాలామంది చేయలేరు.

అందుకే ఆటలో నేర్పు ఉందా అని కోర్టులు వేసుకున్న ప్రశ్న సగమే. బల్ల దగ్గర కూర్చున్న ఈ మనిషిలో ఉందా అన్నది మిగతా సగం. పడ్డ ప్రతి రెండు ముక్కలతోనూ 20 పెట్టి ఫ్లాప్ చూసేవాడు నేర్పు ఉన్న ఆటలో జూదం ఆడుతున్నాడు. అతనికి ఆ బల్లకూ వైకుంఠపాళీకీ తేడా లేదు, పాములే ఎక్కువ. పైగా క్లబ్బు గానీ యాప్ గానీ ప్రతి పాట్‌లోంచి తన కోత తీసుకుంటుంది గనక, బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరినీ కలిపి చూస్తే నష్టమే తేలుతుంది. నేర్పు ఉన్న కొద్దిమంది లాభం, లేనివాళ్ల ఇళ్ల నుంచి వచ్చినదే. పోకర్‌లో నేర్పు ఉందని ఎంత గట్టిగా వాదిస్తామో, ఈ మాటా అంతే గట్టిగా ఒప్పుకోవాలి, ఎందుకంటే ఇది ఆ వాదన నుంచే పుట్టింది. ఆటగాళ్ల ఆత్మహత్యలు చూసి తమిళనాడు ప్రభుత్వం జస్టిస్ కె. చంద్రు కమిటీ వేసింది, ఆ తర్వాతే 2022 చట్టం వచ్చింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నేర్పు, అదృష్టం అన్న తేడానే పక్కన పెట్టి, డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. నేర్పు ఉన్నంత మాత్రాన అర్ధరాత్రి ఒంటరిగా ఫోనులో జీతం పోగొట్టుకునేవాడికి అది రక్షణ కాదని ఆ చట్టం చెప్పినట్టయింది. ఆ మాటతో నేను ఏకీభవిస్తాను. ఆటలోని నేర్పు అబద్ధమని మాత్రం దాని అర్థం కాదు.

ఆ నేర్పును చూడటానికి రూపాయి అవసరం లేదు, చింతగింజలు చాలు. సెలవు రోజున ఆరుగురు కూర్చుని తలా రెండు వందల గింజలు పంచుకోండి. చిన్న బ్లైండు ఒక గింజ, పెద్ద బ్లైండు రెండు. ఐదుగురు తమకు తోచినట్టు, దాదాపు ప్రతి చేతితోనూ రెండు గింజలు పెట్టి వస్తూ ఆడాలి. ఆరో మనిషి ఎక్కువ చేతులు పారేస్తూ, ఆడిన ప్రతి చేతినీ ఎనిమిది గింజలకు పెంచే ఆడాలి, కుర్చీని బట్టి చోటు పెంచుకోవాలి, తగ్గించుకోవాలి. ఒక రాత్రి చాలదు, ముక్కలు సమానమవడానికి చాలా రాత్రులు పడతాయి. ఒకరు పక్కన కూర్చుని ఎవరు ఎన్ని పాట్లు గెలిచారో రాస్తూ, చివర్లో గింజలు విడిగా లెక్కపెట్టాలి. కొన్ని వారాల తర్వాత ఆ రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూస్తే, పాట్లు అందరికంటే తక్కువ గెలిచిన పేరు ఎదుటే గింజలు ఎక్కువ పోగుపడి ఉంటాయి.